పెద్ద తంజావూరు పటం పూర్తయ్యాక బ్రష్ పట్టబుద్ధి కావడం లేదు – మళ్ళీ పని ఎలా అందుకోవాలి?

నంగనల్లూరు_రంగులు అడిగారు:

అందరికీ నమస్కారం. 4 × 3 అడుగుల శ్రీరామ పట్టాభిషేకం పటం ఈమధ్యే పూర్తయింది. మక్కు (నగలు ఉబ్బుగా రావడానికి జిగురుతో కలిపి వేసే ముద్ద), బంగారు రేకు, రాళ్ళు, ముఖాలు అన్నీ అనుకున్నట్టే కుదిరాయి. ఇక ఫ్రేముకి ఇవ్వడమే తరువాయి.

ఆ తర్వాత మాత్రం కొత్తది ఏదీ కదలడం లేదు. 3 × 2 అడుగుల బోర్డు ఒకటి గుడ్డ అంటించి, సుద్ద పూత కూడా వేసి సిద్ధంగా ఉంది. దాని మీద దశావతారాలు అనుకున్నాను. స్కెచ్ మొదలుపెడితే రెండు అవతారాల దగ్గరే ఆగిపోతోంది. అయిపోయిన పటం పక్కన ఇది పేలవంగా కనిపిస్తోంది. చేయి మర్చిపోయిందని కాదు, మనసు పోవడం లేదు.

అరకిలో మక్కు పొడి, పది పన్నెండు బంగారు రేకులు, రెండు డబ్బాల కుందన్ రాళ్ళు మిగిలి ఉన్నాయి. కొన్నాళ్ళు పూర్తిగా వదిలేయాలా, లేక రోజూ బలవంతంగానైనా కూర్చోవాలా? తర్వాతి పటం ఏ సైజు అయితే మంచిది? నవరాత్రి కొలువుకి ఒక్కటైనా పూర్తి చేయాలని ఉంది. ఉండేది చెన్నైలో కాబట్టి మన తేమ, మన వానలు లెక్కలో పెట్టుకుని చెప్పండి.

---

పలక_పని రాశారు:

పూర్తిగా వదిలేయకండి. అలాగని ఆ 3 × 2 బోర్డు ముందు బలవంతంగానూ కూర్చోకండి. దాన్ని గుడ్డలో చుట్టి బీరువా వెనక పెట్టేయండి.

పెద్ద పటం చివరికొచ్చేసరికి ఇవాళ ఏం చేయాలో ఎవరూ ఆలోచించరు. నిన్న కిరీటానికి రేకు పడింది కాబట్టి ఇవాళ హారానికి. నిన్న పట్టుపంచెకి మొదటి పూత అయింది కాబట్టి ఇవాళ రెండోది. ఏ రోజు పనిని ఆ ముందురోజు పనే చెబుతుంది. పటం పూర్తి కాగానే ఆ వరస తెగిపోతుంది. కొత్త పటం మొదట్లో ఉండేవన్నీ నిర్ణయాలే: ఏ దేవుడు, ఎన్ని బొమ్మలు, మంటపం ఎలా, ఏ నగ ఎంత ఉబ్బు. చేతికి ఇష్టమైన పనులు, అంటే మక్కు తీయడం, రేకు నొక్కడం, కళ్ళు దిద్దడం, అన్నీ వారాల తర్వాతే వస్తాయి. దశావతారాలంటే ఆ నిర్ణయాలు పదింతలు. అక్కడ ఆగిపోవడంలో వింతేమీ లేదండీ.

అందుకని ఆలోచన తక్కువ, చేతిపని ఎక్కువ ఉండే చోటు నుంచి అందుకోండి. 8 × 10 అంగుళాల బోర్డులు నాలుగు ఒకేసారి తయారుచేసి, నాలుగింటినీ నాలుగు వేర్వేరు దశల్లో నడపండి. ఒకటి ట్రేసింగ్‌లో, ఒకటి మక్కులో, ఒకటి రేకులో, ఒకటి రంగుల్లో ఉంటే, ఏ పూట ఏ పనికి మనసు పోతే ఆ బోర్డు తీసుకోవచ్చు. ఒకటి ఆరుతుంటే ఇంకొకటి చేతిలో ఉంటుంది. మన తేమలో ఆరడానికి పట్టే సమయం ఎక్కువ కాబట్టి ఈ పద్ధతి ఇక్కడ రెండు విధాలా లాభం.

బోర్డుల సంగతి. ఐఎస్ 710 ముద్ర ఉన్న వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, 6 మి.మీ. మందం చాలు. ఎండీఎఫ్ వద్దు, తడి తగిలితే అంచులు ఉబ్బుతాయి. 16 × 20 ముక్క నుంచి నాలుగు వస్తాయి గానీ రంపం కోతకి 2, 3 మి.మీ. పోతుంది. రెడీమేడ్ ఫ్రేములు వాడేటట్టయితే 17 × 21 అడిగి, ఒక్కో ముక్క కొలిచి కోయించండి.

గుడ్డ మందపాటి గాడా (ముతక నూలు గుడ్డ) అయితే మేలు. గంజి పోయేలా ఉతికి ఆరేసి, చుట్టూ అంగుళంన్నర ఎక్కువ ఉండేలా కత్తిరించండి. ఫెవికాల్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి బోర్డుకి రాసి, గుడ్డ పరిచి, మధ్య నుంచి అంచులకి అరచేత్తో నెట్టుకుంటూ రావాలి. అంచుల నుంచి మధ్యకి వస్తే గాలి లోపలే చిక్కుకుని, తర్వాత మక్కు కింద బుడగలా లేస్తుంది. ఒక రాత్రంతా ఆరనివ్వండి.

పూతకి సుద్దపొడిని పల్చటి బట్టలో జల్లించి, రెండు పాళ్ళ సుద్దకి ఒక పాలు ఫెవికాల్, దోసెల పిండి జారుడు వచ్చేదాకా నీళ్ళు. మొదటి పూత అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా. పూర్తిగా ఆరాక 220 నంబరు ఎమెరీ పేపర్‌తో, తర్వాత 320తో రుద్దాలి. మూతికి మాస్కు కట్టుకోండి, ఆ పొడి చాలా సన్నం. చాలామంది వదిలేసే పని ఒకటుంది: బోర్డు వెనకవైపు కూడా పల్చని ఫెవికాల్ నీళ్ళు ఒక పూత వేయాలి. ఒకవైపే పూత ఉంటే ఆరేటప్పుడు బోర్డు అటువైపుకి వంగుతుంది. చిన్న బోర్డులో వంపు కంటికి అంతగా ఆనదు గానీ, ఫ్రేములో పెట్టగానే ఒక మూల పైకి లేస్తుంది.

ఇక బొమ్మ. కొత్తగా గీయకండి. పట్టాభిషేకం ట్రేసింగ్ షీటు మీ దగ్గర ఉంటుంది కదా, అందులోంచే తీసుకోండి. రాముడి నడుం పైభాగం ఒకటి, సీతమ్మది ఒకటి, పాదాల దగ్గరి హనుమంతుడు ఒకటి. నాలుగోది కావాలంటే వెన్నకుండ కృష్ణుడు. గీసిందే మళ్ళీ గీయడం తక్కువ పని అనుకోవద్దు. ఈ కళ నిలబడిందే అలా. తంజావూరు మరాఠా రాజుల కాలంలో (1676–1855) ఈ పటాలు వేసిన తంజావూరు, తిరుచ్చిలోని రాజు కులంవాళ్ళు, మదురై నాయుడులు తెలుగు మాటాడే కుటుంబాలవాళ్ళే. వాళ్ళు వెన్నకృష్ణుణ్ణి, పట్టాభిషేకాన్ని ఎన్నెన్నో మార్లు వేశారు. బొమ్మ అదే, ప్రతిసారీ నగల పనితనంలో, రంగుల ఎంపికలో తేడా చూపించారు. మీరూ బొమ్మ మార్చకుండా ఒక్క అంశం మార్చండి. ఎర్ర నేపథ్యం బదులు ముదురు ఆకుపచ్చ, లేదా హారంలో రాళ్ళు తగ్గించి మక్కు చుక్కల వరస. ఒక్కో బోర్డుకి ఒక్క మార్పే.

రోజుకి నలభై నిమిషాలు, గంట చాలు. లేచేముందు మర్నాటి మొదటి పని ఒక చీటీ మీద రాసి బోర్డుకి అంటించండి. ‘రంగులు’ అని రాస్తే లాభం లేదు. ‘ఎడమ భుజం ఉత్తరీయం, రెండో పూత, నీలం’ అని ఉండాలి. పనిని సగంలో ఆపితే మర్నాడు తేలిగ్గా అందుకోవచ్చని అంటారు, రంగుల్లో అది నిజం. మక్కులో మాత్రం అలా ఆపకూడదు. ఒక తీగ మొదలుపెడితే చివరిదాకా తీయాలి, లేకపోతే ఆరిన చోటా తడి చోటా కలిసే దగ్గర గంటు కనిపిస్తుంది. జిగురు రాసి రేకు వేయకుండా లేవడం కూడా కుదరదు.

నవరాత్రి లెక్క వెనక నుంచి వేసుకోండి. చివర ముఖాలు, గీతలకి రెండు రోజులు, రంగులకి వారం, రేకుకి రెండు రోజులు, రాళ్ళు, మక్కుకి నాలుగైదు, బోర్డుకి మూడు. అద్దం బిగించేముందు ఊరికే ఆరడానికి రెండు వారాలు. ఒక 8 × 10 పటానికి మొత్తం నెల పైన పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాలు కాబట్టి మక్కు పని సెప్టెంబరు సగానికల్లా అయిపోయేలా చూసుకోండి.

---

పుల్లాపురం_గాజుబొమ్మ రాశారు:

బోర్డుల గురించి పైన చెప్పినదంతా సరైనదే. ఒక్క విషయంలో ఒప్పుకోలేను. అంత పెద్ద పటం చేసి లేచినవాళ్ళకి అదే మక్కు, అదే రేకు, అదే రాముడు మళ్ళీ చేతికిస్తే కొంతమందికి ఇంకా విసుగొస్తుంది. పైగా ప్రతి చిన్న పటాన్నీ పెద్దదానితో పోల్చుకోవడం ఆగదు. పోలికకి అందని పని కావాలి. తంజావూరులోనే ఇంకో సంప్రదాయం ఉంది కదా, గాజు మీద వెనకవైపు నుంచి వేసే బొమ్మలు. ఒకటి రెండు అవి వేసి, తర్వాత పలక (చెక్క బోర్డు) దగ్గరికి రండి.

దాని గొప్పతనం ఏమిటంటే వరస మొత్తం తలకిందులవుతుంది. పలక మీద నేపథ్యం ముందు, కళ్ళు చివర. గాజు మీద కళ్ళు, నగల గీతలు ముందు, నేపథ్యం అన్నిటికన్నా చివర. అలవాటు పనిచేయదు కాబట్టి ప్రతి అడుగూ చూసి వేయాలి, అదే మనసుని లాగుతుంది.

8 × 10 గాజు, 3 మి.మీ. మందం, అంచులు షాపులోనే అరగదీయించండి. స్పిరిట్‌తో తుడిచాక వేళ్ళతో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు ఉన్న చోట రంగు పట్టదు, నెల తిరిగేసరికి పొరలా లేస్తుంది. ట్రేసింగ్ షీటు తిరగేసి గాజు కింద పెట్టాలి, లేకపోతే కుడిచేతి అభయం ఎడమచేతికి వస్తుంది. పేరో మంత్రమో రాసేటట్టయితే అక్షరాలూ తిరగబడాలి.

నల్ల ఎనామెల్‌తో, ట్రిపుల్ జీరో (చాలా సన్నటి) బ్రష్‌తో రూపురేఖలు. తర్వాత కనుపాపలు, అవి ఆరాక వాటి మీదుగా కంటి తెలుపు. నగల చోట గీతలు పూర్తిగా ఆరాక వెనక నుంచి రేకు ముక్క అంటిస్తే ముందు నుంచి గీతలతో సహా మెరుస్తుంది. మీ దగ్గర మిగిలిన రేకుల్లో కత్తిరింపు ముక్కలు కూడా దీనికి పనికొస్తాయి. ఆపైన ఒంటి రంగు, బట్టలు, చివరికి నేపథ్యం. టర్పెంటైన్ ఎక్కువైతే రంగు జారి గీత కింద చేరుతుంది. కింది పూత ఆరకుండా పైది వేస్తే బ్రష్ నల్లగీతని ఈడ్చుకుపోతుంది. మన ఊళ్ళో ఎనామెల్ పూతకీ పూతకీ మధ్య ఒక రోజు ఉంచడం మంచిది.

---

ఎగ్మూర్_పెన్సిల్ రాశారు:

ఇద్దరూ రంగుల దగ్గరే మాట్లాడుతున్నారు. అంతకన్నా ముందు చేయాల్సినది గీత.

ఎగ్మూర్‌లో పాంథియన్ రోడ్డు మీద గవర్నమెంట్ మ్యూజియం ఉంది (1851లో మొదలైంది). అందులో కంచు విగ్రహాల విభాగానికి వెళ్ళండి. శుక్రవారం సెలవు. ఏ5 సైజు పుస్తకం, హెచ్‌బీ, 2బీ పెన్సిళ్ళు రెండు చాలు. కూర్చుని గీసుకోవచ్చా అని లోపలి సిబ్బందిని ఒక మాట అడగండి. విగ్రహం మొత్తం గీయాలనుకోవద్దు. వెళ్ళిన ప్రతిసారీ ఒకే నగ: భుజం మీది కేయూరం, లేదా నడుము పట్టీ ముందున్న సింహముఖం, లేదా కిరీటం. తిరువాలంగాడు నటరాజు, తిరువెంకాడు అర్ధనారీశ్వరుడు రెండూ అక్కడే ఉన్నాయి. అర్ధనారీశ్వరుడి దగ్గర ఎక్కువసేపు ఉండండి. ఒకే నడుము మీద కుడివైపు బట్ట కట్టు ఒకలా, ఎడమవైపు ఇంకోలా ఎలా కలిపాడో చూస్తే, మన పటాల్లో పంచె అంచులు ఎందుకు బిగుసుకుపోయినట్టు వస్తాయో తెలుస్తుంది.

కిరీటాల తేడాలు రాసుకోండి. విష్ణువుకి కిరీట మకుటం, శివుడికి జటామకుటం, అమ్మవార్లకి ఎక్కువగా బోర్లించిన గిన్నెల దొంతరలా ఉండే కరండ మకుటం. చాలా పటాల్లో అందరికీ ఒకే కిరీటం తగిలిస్తుంటారు, అది చూస్తే బాధగా ఉంటుంది.

ఇంటికొచ్చాక ఆ నగని 2 అంగుళాల వెడల్పు ప్లైవుడ్ పట్టీ మీద మక్కుతో తీసి చూడండి. పటం కాదు కాబట్టి పాడైనా నష్టం లేదు. అరకిలో పొడి ఉందన్నారు, అలాంటి పట్టీలు చాలా వస్తాయి. ఓ పది పట్టీలయ్యాక తర్వాతి పటం ఏమిటో ఆ నగలే చెబుతాయి.

ఇంకొకటి. పెద్ద పటం వివరాలు తల్లో ఉండగానే రాసిపెట్టేయండి: ఏ రంగుకి ఏ పాళ్ళు, ఏ సైజు రాయి ఎక్కడ, ఎన్ని రేకులు పట్టాయి. రంగులు మాటల్లో రాస్తే రేపు అర్థం కావు. మందపాటి కాగితం మీద అంగుళం గడులు గీసి, ఒక్కో గడిలో ఆ మిశ్రమం రాసి, కింద పాళ్ళు వేయండి. ఇది ఏ ఆలోచనా అక్కర్లేని పని. బ్రష్ చేతిలోకి రావడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

---

నంగనల్లూరు_రంగులు రాశారు:

ముగ్గురికీ చాలా కృతజ్ఞతలు. రంగుల గడులు వేయడం మొదలైంది, నాలుగు బోర్డులూ కోయించాం. మ్యూజియం ఈ ఆదివారం. గాజు సంగతి నవరాత్రి తర్వాత చూస్తాను.

ఒక సందేహం. పట్టీల మీద మక్కు వేస్తే రెండు రకాలుగా పాడవుతోంది. ఒకచోట వలలా సన్నటి పగుళ్ళు. ఇంకోచోట పగులు లేదు గానీ వేలితో రుద్దితే పొడి రాలుతోంది. పొడి పాతదైపోయిందా? నానబెట్టిన తుమ్మబంక కూడా నాలుగు రోజులకే వాసన వస్తోంది.

---

పలక_పని రాశారు:

పొడి తప్పు కాదండీ, పాళ్ళ తేడా. పొడి రాలుతోందంటే జిగురు చాలలేదు. వలలా పగిలి, పైన కాస్త మెరుపు కూడా ఉంటే జిగురు ఎక్కువైంది, ఆరేటప్పుడు అది ముడుచుకుని పైపొరని లాగేసింది. మెరుపు లేకుండా ఒకటి రెండు లోతైన పగుళ్ళే ఉంటే కారణం వేరు: ఒకేసారి మందంగా వేశారు, పైన ఆరి లోపల తడి ఉండిపోయింది. ఫ్యాను కింద పెట్టి ఆరబెట్టినా ఇదే జరుగుతుంది. గాలి తగిలే గదిలో, నేరుగా ఫ్యాను తగలని చోట ఉంచండి.

తుమ్మబంక ఒక పాలు, నీళ్ళు రెండు పాళ్ళు, బరువులో. 50 గ్రాములకి 100 మి.లీ. రాత్రంతా నాననిచ్చి బట్టలో వడకట్టండి. లవంగ నూనె రెండు మూడు చుక్కలు వేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే త్వరగా చెడదు. మీరు చేసినది వాసన వచ్చింది కాబట్టి పారబోయండి, పటంలోకి వెళ్తే తర్వాత బూజు పడుతుంది.

కలిపేటప్పుడు జిగురునీళ్ళలోకి పొడి కొద్దికొద్దిగా వేయండి, పొడిలోకి నీళ్ళు పోయకండి, ఉండలు కడుతుంది. కొన్న మక్కు పొడిలో కొన్నిటికి జిగురు ముందే కలిపి ఉంటుంది. కొంచెం పొడి ఉత్త నీళ్ళతో కలిపి ఆరబెట్టి చూడండి. గట్టిగా నిలిస్తే జిగురు ఉన్నట్టే, దానికి మళ్ళీ బంక కలిపితే ఆ వల పగుళ్ళు వస్తాయి. మీ మొదటి పట్టీ సంగతి ఇదే అయి ఉండవచ్చు.

బ్రష్‌తో చుక్క పెట్టి ఎత్తితే చుక్క గుండ్రంగా నిలవాలి, తోక సాగకూడదు, పక్కకి పరుచుకోకూడదు. ఉబ్బు ఎక్కువ కావాలంటే పల్చని పొరలు మూడు నాలుగు. కింది పొర తెల్లబడి, వేలికి చల్లగా తగలడం మానేశాకే పైది. చల్లగా ఉందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టు.

పగిలిన చోట పైన మళ్ళీ రాయకండి. సన్న పగుళ్ళైతే జిగురునీళ్ళు ట్రిపుల్ జీరో బ్రష్‌తో పగుల్లోకి ఎక్కించి, ఆరాక పల్చని మక్కు. లోతు పగులైతే ఆ నగ వరకు తడిబట్ట వేసి మెత్తబరిచి, తీసేసి మళ్ళీ వేయాలి. రేకు అంటించాక పగులు బయటపడితే రేకు కూడా పోతుంది, అందుకే రేకుకి ముందు ఒక పూట టార్చి లైటు పక్క నుంచి వేసి చూసుకోండి.

---

పుల్లాపురం_గాజుబొమ్మ రాశారు:

పెద్ద పటం ఫ్రేముకి ఇంకా ఇవ్వలేదంటే ఒక మాట. అద్దం మక్కుకి గానీ రాళ్ళకి గానీ ఆనకూడదు. ఫ్రేము లోపల చుట్టూ చెక్క పట్టీ వేయించి, అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న రాయికీ అద్దానికీ మధ్య కనీసం 5, 6 మి.మీ. ఖాళీ ఉంచమనండి. ఆనితే తేమ అక్కడే చిక్కుకుని రేకు మచ్చలు పడుతుంది. వానల ముందే ఇచ్చేయండి. మీరు పని చేసుకునే గదిలో మాత్రం తగిలించకండి. హాల్లో గానీ పూజగదిలో గానీ, సముద్రం వైపు గోడ కాకుండా, గోడకీ పటానికీ మధ్య వెనక రెండు చిన్న బెండు ముక్కలు అంటించి తగిలిస్తే గాలి ఆడుతుంది.